ఛానెల్ పోయింది, బిల్లు మాత్రం టైముకే వచ్చింది

అమెరికాలో ఉంటున్న మన పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకటే గోల. శాటిలైట్ టీవీలో మా ఊరి ఏబీసీ పోయింది, మా ఫాక్స్ పోయింది, ఇదేం అన్యాయం అక్కా అని. (ఏబీసీ, ఫాక్స్ లాంటివి దేశమంతటికీ ప్రోగ్రాములిచ్చే నెట్‌వర్క్‌లు, వాటిని ఊరూరా వేసేది లోకల్ స్టేషన్లు.) అందుకని ఈ నెల మిగతావన్నీ పక్కన పెట్టి టీవీ ప్రశ్నలకే కూర్చున్నా. ఫోన్ ప్లాన్ల గురించి అడిగినవాళ్లు ఏమీ అనుకోకండి, వచ్చే నెల మీదే.

ప్రశ్న: అక్కా, ఆదివారం ఫుట్‌బాల్ చూద్దామని రెండు కుటుంబాల్ని భోజనానికి పిలిచాం. టీవీ పెడితే ఫాక్స్ ఉండాల్సిన చోట బొమ్మ లేదు, నీలం బోర్డు మీద "ఈ స్టేషన్ ఓనర్ మీ ఛానెల్‌ని తీసేసుకున్నారు" అని ఉంది. ఫోన్ చేస్తే శాటిలైట్ కంపెనీ "మేం తియ్యలేదు సార్, వాళ్లే తీశారు" అంటుంది, స్టేషన్ వెబ్‌సైట్ చూస్తే "మీ కంపెనీయే మమ్మల్ని తీసేసింది, వేరే కంపెనీకి మారండి" అని ఉంది. అసలు అబద్ధం ఎవరిది? - ఫ్రిస్కో, టెక్సాస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఇద్దరూ సగం సగం నిజం చెప్తున్నారు తమ్ముడూ, మిగతా సగం మింగేశారు. స్విచ్ నొక్కింది శాటిలైట్ కంపెనీయే. కానీ నొక్కకపోతే చట్టం ఒప్పుకోదు, ఎందుకంటే స్టేషన్ ఇచ్చిన పర్మిషన్ గడువు అయిపోయింది, కొత్త పర్మిషన్ ఇంకా చేతికి రాలేదు.

ఇదంతా 1992 కేబుల్ చట్టం నుంచి మొదలైంది. పెద్ద బుష్ ప్రెసిడెంట్‌గా ఉన్నప్పుడు ఆ చట్టాన్ని వీటో చేశాడు, కాంగ్రెస్ ఆ వీటోని కొట్టేసి మరీ పాస్ చేసింది, ఆయన వీటోల్లో అలా వీగిపోయింది అదొక్కటే. ఆ చట్టం ప్రకారం లాభం కోసం నడిచే ప్రతి లోకల్ స్టేషన్ మూడేళ్లకోసారి రెండు దార్లలో ఒకటి ఎంచుకోవాలి. మొదటిది, డబ్బులేం అడగను, నన్ను తప్పకుండా చూపించండి. రెండోది, నా అనుమతి లేకుండా నన్ను చూపించడానికి వీల్లేదు, అనుమతి కావాలంటే రేటు మాట్లాడుకుందాం. ఎవరూ పెద్దగా చూడని చిన్న స్టేషన్లు మొదటిది పట్టుకుంటాయి, ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్ వేసే స్టేషన్లు రెండోదే, అందులో డౌటే లేదు. శాటిలైట్ కంపెనీలకైతే 1999 దాకా మీ ఊరి స్టేషన్‌ని మీ ఊళ్లో చూపించే హక్కే సరిగ్గా లేదు, ఆ ఏడాది వచ్చిన చట్టంతోనే అది కుదిరింది, దాంతోపాటే ఈ బేరాలు కూడా నెత్తికెక్కాయి.

బేరం తెగకుండానే అగ్రిమెంట్ గడువు అయిపోయిందనుకోండి, అక్కడితో బొమ్మ ఆగిపోతుంది. గడువు ఎప్పుడు ముగియాలో కూడా ఊరికే పెట్టుకోరు, ఫుట్‌బాల్ సీజన్ మొదలయ్యే ముందో, డిసెంబర్ 31 రాత్రో, ఇలా మీరు టీవీ ముందు కదలకుండా కూర్చునే రోజులు చూసి పెట్టుకుంటారు. మీ ఇంటికి చుట్టాలొచ్చిన ఆదివారమే పోయిందంటే మీ జాతకంలో తప్పేం లేదు, అందరి ఇళ్లకీ చుట్టాలొచ్చే ఆదివారం అనే అది పోయింది.

ఇది మీ ఒక్కళ్లకే జరిగిందనుకోకండి. 2020 డిసెంబర్‌లో డిష్ నెట్‌వర్క్ అనే శాటిలైట్ కంపెనీకీ, ఊరూరా స్టేషన్లున్న నెక్స్‌స్టార్‌కీ చెడి 164 స్టేషన్లు ఒకేసారి పోయాయి, క్రిస్మస్ నాటికి గానీ రాలేదు. 2021 అక్టోబర్‌లో డిష్‌కే టెగ్నా అనే ఇంకో స్టేషన్ల ఓనర్‌తో చెడింది, అప్పుడు మీ డాలస్ వాళ్లకి ఏబీసీ వేసే డబ్ల్యూఎఫ్ఏఏ పోయింది, నాలుగు నెలలు! 2023 జులైలో రెండో శాటిలైట్ కంపెనీ డైరెక్‌టీవీ, నెక్స్‌స్టార్ వంతు, 159 స్టేషన్లు. 2024 సెప్టెంబర్ 1న డైరెక్‌టీవీ, డిస్నీ. డిస్నీ సొంత ఏబీసీ స్టేషన్లు ఎనిమిది, న్యూయార్క్, లాస్ ఏంజెలెస్, షికాగో, ఫిలడెల్ఫియా, శాన్‌ఫ్రాన్సిస్కో, హ్యూస్టన్, రాలీ, ఫ్రెస్నో. మనవాళ్లు ఎక్కడెక్కడ ఎక్కువున్నారో లిస్టు చూసుకుని కొనుక్కున్నట్టుంది కదా. ఆ ఎనిమిదీ డిస్నీ స్పోర్ట్స్ ఛానెల్ ఈఎస్‌పీఎన్‌తో సహా రెండు వారాలు పోయాయి.

అంకెలు ఎందుకు అంత పెద్దగా ఉన్నాయంటే, ఒకప్పుడు ఊరి స్టేషన్‌కి ఊళ్లోనే ఓనర్ ఉండేవాడు, గొడవొస్తే ఒక ఊరే చీకటయ్యేది. ఇప్పుడు ఒక్కో కంపెనీ చేతిలో వంద, నూట యాభై స్టేషన్లు. ఒక్క బేరం చెడితే దేశంలో సగం ఊళ్లు పోతాయి, ఆ బలం చూపించే కదా రేటు పెంచమని అడిగేది. నెక్స్‌స్టార్ 2025 ఆగస్టులో టెగ్నానే కొనేస్తానని ప్రకటించింది, ఇక మీరే ఆలోచించుకోండి.

ప్రశ్న: యాంటెనా పెట్టుకుంటే ఊరికే వచ్చే ఛానెల్‌కి శాటిలైట్ కంపెనీ డబ్బులెందుకు కట్టాలి మేడమ్? గాలికి రేటు కట్టినట్టు లేదూ? - నేపర్‌విల్, ఇల్లినాయి

జవాబు: శాటిలైట్ కంపెనీ వాళ్లు కూడా మీటింగుల్లో అచ్చం ఇదే మాట అంటారు. స్టేషన్ వాళ్ల మాట ఇంకోలా ఉంటుంది: మా సిగ్నల్ నువ్వు ఊరికే పంచట్లేదు కదా, ప్యాకేజీలో పెట్టి నెలనెలా జనం దగ్గర వసూలు చేస్తున్నావ్, అందులో మా వాటా మాకివ్వు. రెండూ న్యాయంగానే వినిపిస్తాయి, అందుకే ముప్పై ఏళ్లుగా తెగట్లేదు.

మొదట్లో డబ్బుల మాటే లేదు. 1992 చట్టం వచ్చాక స్టేషన్ల ఓనర్లు రేటు అడిగితే కేబుల్ కంపెనీలు పైసా ఇవ్వం పొమ్మన్నాయి, అప్పుడు మధ్యేమార్గంగా ఓనర్లు డబ్బు బదులు చోటు అడిగారు, మా కొత్త కేబుల్ ఛానెల్‌ని మీ లైనప్‌లో పెట్టండి అని. ఈఎస్‌పీఎన్ 2, ఎఫ్ఎక్స్ అలా ఇళ్లలోకొచ్చినవే. అప్పట్లో ఊళ్లో కేబుల్ కంపెనీ ఒక్కటే, దాన్ని కాదంటే స్టేషన్‌కి ఇంకో దారి లేదు. 1994లో డైరెక్‌టీవీ, 1996లో డిష్ వచ్చాక లెక్క తిరగబడింది. ఒకడు కాదంటే చూసేవాళ్లు ఇంకోడి దగ్గరికి పోతారన్న భయం పట్టుకుంది, ఆ భయానికే రేటు కట్టడం మొదలైంది.

లోపల ఇంకో మెలిక ఉంది, చాలామందికి తెలీదు. మీ ఊరి స్టేషన్ తీసుకునే డబ్బంతా మీ ఊరి స్టేషన్ దగ్గరే ఉండదు. పాతకాలంలో మా ప్రోగ్రాములు వేసినందుకు ఇంత అని నెట్‌వర్కే స్టేషన్‌కి డబ్బిచ్చేది, ఇప్పుడు స్టేషనే నెట్‌వర్క్‌కి ఎదురు కడుతోంది. ఫుట్‌బాల్ హక్కులకి నెట్‌వర్క్‌లు వేల కోట్ల డాలర్లు పోస్తాయి, ఆ భారం స్టేషన్ మీదికి, స్టేషన్ నుంచి శాటిలైట్ కంపెనీ మీదికి, అక్కడ్నుంచి మీ బిల్లు మీదికి జారుకుంటూ వస్తుంది. జీవితంలో ఒక్క మ్యాచ్ కూడా చూడని మీ అత్తగారు కూడా అందులో చెయ్యి వేసినట్టే.

ప్రశ్న: అక్కా, మాది వెస్ట్ విండ్సర్, న్యూజెర్సీ. పక్కనే ప్లెయిన్స్‌బరోలో మా చెల్లి ఇల్లు, కారులో పది నిమిషాలు. దాని టీవీలో న్యూయార్క్ ఛానెల్స్, మా టీవీలో ఫిలడెల్ఫియావి. మా ఫిలడెల్ఫియా ఛానెల్ పోయినప్పుడు అదే నెట్‌వర్క్ న్యూయార్క్ ఛానెల్ ఇవ్వండయ్యా అంటే కుదరదంటున్నారు. ఆకాశం నుంచి వచ్చేదానికి ఊరి హద్దులేంటి?

జవాబు: చెల్లీ, మీ ప్రశ్న నాకు బాగా నచ్చింది. మీరు మెర్సర్ కౌంటీ, మీ చెల్లి మిడిల్‌సెక్స్ కౌంటీ, తేడా అంతే. నీల్సన్ అనే సంస్థ దేశం మొత్తాన్ని 210 టీవీ మార్కెట్లుగా కోసిపెట్టింది, కోసింది ఎక్కువగా కౌంటీ హద్దుల వెంటే. మెర్సర్‌ని ఫిలడెల్ఫియాలో వేశారు, మిడిల్‌సెక్స్‌ని న్యూయార్క్‌లో. మీ ఆయన రోజూ రైలెక్కి న్యూయార్క్‌లో ఉద్యోగం చేసొచ్చినా సరే, టీవీ దగ్గరికొచ్చేసరికి మీరు ఫిలడెల్ఫియా వాళ్లే.

పక్క మార్కెట్ ఛానెల్ ఇవ్వడానికి పాతకాలంలో ఒక సందు ఉండేది. 1988 చట్టంలో, యాంటెనాకి సిగ్నల్ అందని ఇళ్లకి దూరపు ఊరి స్టేషన్ శాటిలైట్ ద్వారా ఇవ్వొచ్చన్నారు. అడవిలో ఉన్న ఇల్లు, కొండ వెనకాల ఇల్లు, అలాంటివాటికి. తర్వాత దాన్ని ఇష్టమొచ్చినట్టు వాడేశారని కోర్టు కేసులయ్యాయి, 2006లో డిష్ కంపెనీని దూరపు స్టేషన్లు మొత్తం ఆపేయమని కోర్టు ఆర్డర్ కూడా వచ్చింది. చివరికి 2019 చట్టంతో ఆ సందుని బాగా ఇరుకు చేసేశారు. ఇప్పుడు అది చక్రాల మీద ఇల్లు పెట్టుకుని తిరిగేవాళ్లకి, లారీ డ్రైవర్లకి, ఏదో ఒక నెట్‌వర్క్ స్టేషనే లేని చిన్న మార్కెట్లకి మాత్రమే. బేరం చెడి ఛానెల్ పోయిన ఇల్లు అందులోకి రాదు. రానివ్వరు కూడా, ఎందుకంటే పక్క ఊరి ఏబీసీ ఇచ్చేస్తే మీ ఊరి ఏబీసీ ఏం చూపించి బేరమాడుతుంది?

ఇంకొకటి, శాటిలైట్ అనగానే దేశమంతా ఒకే గొడుగు కింద తడుస్తుందనుకుంటాం. లోకల్ ఛానెల్స్‌కి అలా కాదు, వాటిని చిన్న చిన్న వెలుగు చక్రాల్లాగా ఒక్కో ప్రాంతం మీదికి విడివిడిగా దింపుతారు. అందుకే సర్వీస్ అడ్రస్ చుట్టాలింటిది ఇచ్చేసి వేరే ఊరి ఛానెల్స్ చూద్దామనుకునేవాళ్లకి ఒక్కోసారి చక్రమే అందదు, అందినా అది అగ్రిమెంట్‌కి విరుద్ధం, ఆ సలహా నన్ను అడక్కండి.

కానీ మీకొక్కళ్లకే ఉన్న అదృష్టం చెప్తా. మీ ఇల్లు రెండు మహానగరాలకీ నడిమధ్యలో ఉంది, ఇంటి మీద మంచి యాంటెనా పెడితే ఒకవైపు తిప్పితే ఫిలడెల్ఫియా, ఇంకోవైపు తిప్పితే న్యూయార్క్ దొరికే అవకాశం ఉంది. యాంటెనాకి కౌంటీ తెలీదు, అగ్రిమెంట్ తెలీదు. ఎలా పెట్టాలో కింద ఉంది, మీ రెండు ఊళ్ల ఏబీసీలకీ ఉన్న చిక్కు కూడా అక్కడే రాశా, తప్పకుండా చదవండి.

ప్రశ్న: యాంటెనా పెట్టుకోమని అందరూ చెప్తున్నారు, ఆన్‌లైన్‌లో చూస్తే కాగితంలా పల్చటివి కూడా "250 మైళ్లు, 4కే" అని రాసున్నాయి. ఏది కొనాలి? మాది అపార్ట్‌మెంట్, మేనేజ్‌మెంట్ వాళ్లు బయట ఏమీ పెట్టనివ్వరు. - ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ 250 మైళ్ల పేజీ మూసేయండి. భూమి గుండ్రంగా ఉంది, టీవీ సిగ్నల్ దాదాపు చూపు ఆనినంత దూరమే పోతుంది, చాలా ఎత్తున్న టవర్ నుంచైనా అరవై డెబ్భై మైళ్లు దాటితే కష్టం. అలాగే హెచ్‌డీ యాంటెనా, 4కే యాంటెనా అనేవి లేవు, మీ నాన్నగారి కాలంనాటి యాంటెనా అయినా ఫ్రీక్వెన్సీ సరిపోతే హెచ్‌డీ పట్టేస్తుంది. అమెరికాలో పెద్ద స్టేషన్లన్నీ 2009 జూన్ 12న డిజిటల్‌కి మారిపోయాయి, యాంటెనా బొమ్మ అంటే చీమలు పాకినట్టు ఉంటుందని ఇంకా అనుకునేవాళ్లున్నారు, ఇప్పుడు వస్తే అద్దంలా వస్తుంది, లేకపోతే అసలు రాదు. శాటిలైట్ వాళ్లు బొమ్మని బాగా కుదించి పంపిస్తారు కాబట్టి నిజానికి యాంటెనా బొమ్మే కొంచెం మెరుగ్గా కూడా ఉంటుంది.

కొనేముందు ఒక పని చేయండి. టీవీ, రేడియో, ఫోన్ల రూల్స్ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో డీటీవీ రిసెప్షన్ మ్యాప్ అని ఉంటుంది, మీ అడ్రస్ కొడితే ఏ స్టేషన్ ఎంత బలంగా వస్తుందో, ఏ దిక్కు నుంచో చూపిస్తుంది. అందులో స్టేషన్ పేరు నొక్కితే అసలు ఛానెల్ నంబర్ కూడా కనిపిస్తుంది. అదే ముఖ్యం. టీవీలో కనిపించే నంబర్ వేరు, గాలిలో స్టేషన్ నిజంగా వాడే నంబర్ వేరు. టీవీలో 4 అని కనిపించే స్టేషన్ గాలిలో ముప్పై ఎంతో అయ్యుండొచ్చు. నిజమైన నంబర్ 14 నుంచి 36 మధ్యలో ఉంటే ఆ కాగితం యాంటెనా సరిపోతుంది. 7 నుంచి 13 అయితే కొంచెం పొడుగు కడ్డీలుండాలి. 2 నుంచి 6 అయితే ఇంకా పొడుగు.

వెస్ట్ విండ్సర్ చెల్లికి చెప్తానన్న చిక్కు ఇదే. ఫిలడెల్ఫియా ఏబీసీ గాలిలో కూడా నిజంగానే 6 మీద ఉంది, న్యూయార్క్ ఏబీసీ నిజంగానే 7 మీద ఉంది. ఎక్కువమంది కొనే ఆ పల్చటి చతురస్రం యాంటెనాకి ఈ రెండూ సరిగ్గా అందవు, మిగతావన్నీ వచ్చి ఏబీసీ ఒక్కటే రాక, స్టేషన్ వాళ్లు గాలిలో కూడా ఆపేశారేమోనని నాకు ఉత్తరాలు రాస్తున్నారు! కుందేలు చెవులంటామే, రెండు కడ్డీల పాత యాంటెనా, అది కొనుక్కుని 6 కోసమైతే కడ్డీలు పూర్తిగా, ఒక్కోటి మూడడుగులకి కొంచెం తక్కువ వచ్చేలా లాగి రెండువైపులా పడుకోబెట్టండి, 7 కోసమైతే ఒక్కోటి అడుగున్నర లోపు చాలు. మరీ పొడుగు లాగినా మంచిది కాదు, పెద్దదైతే బాగా పడుతుందనేం లేదు. అయితే ఇది టవర్‌కి దగ్గర్లో ఉన్నవాళ్ల సంగతి, వెస్ట్ విండ్సర్ లాంటి చోట ఇంట్లో పెట్టే కడ్డీల మీద ఆశ పెట్టుకోకండి, ఇంటి మీద 6, 7 కూడా పట్టే యాంటెనాయే అడగండి.

మా ఇంట్లో జరిగింది చెప్తా. టీవీ వెనకాల యాంటెనా అంటించి స్కాన్ చేస్తే ఐదు ఛానెల్సే వచ్చాయి, అందులో మూడు షాపింగువి. యాంటెనాని కిటికీ దగ్గరికి తీసుకెళ్లినా లాభం లేదు. తర్వాత తెలిసిందేంటంటే మా కిటికీ అద్దానికి ఎండ వేడి ఆపే పల్చటి లోహం పూత ఉంది, బయటి గోడ సిమెంటు పూత (స్టకో) లోపల ఇనప జల్లెడ ఉంది, అంటే నేను ఇనప డబ్బాలో కూర్చుని సిగ్నల్ కోసం ఎదురుచూస్తున్నానన్నమాట. బాల్కనీ తలుపు సందులోంచి వైరు తీసి, రెయిలింగ్ లోపలి వైపు కర్ర స్టూలు మీద పెట్టి టవర్ దిక్కుకి తిప్పి మళ్లీ స్కాన్ చేస్తే నలభై రెండు! బూస్టర్ కొందామనుకున్నవాళ్లు ఆగండి, రాని సిగ్నల్‌ని బూస్టర్ పుట్టించలేదు, వచ్చినదాన్ని పొడుగు వైర్లో నీరసపడకుండా చూస్తుంది, అంతే. ముందు చోటు మార్చండి, చోటు మార్చిన ప్రతిసారీ మళ్లీ స్కాన్ చేయండి, ఈ రెండో ముక్క మర్చిపోయి యాంటెనా వాపస్ ఇచ్చినవాళ్లు చాలామంది.

ఇక మేనేజ్‌మెంట్ సంగతి. వాళ్లకి ఆ హక్కు పూర్తిగా లేదండి. 1996 నుంచి ఎఫ్‌సీసీ రూల్ ఉంది, మీరొక్కరే వాడుకునే బాల్కనీ, పేషియో లాంటి చోట టీవీ యాంటెనాని, మీటరు లోపు డిష్‌ని అద్దె ఇంటి ఓనర్ గానీ హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల ఓనర్ల సంఘం గానీ కాదనకూడదు. అయితే అందరిదీ అయిన పైకప్పు, బయటి గోడ ఇందులోకి రావు, గోడకి చిల్లు పెట్టొద్దంటే పెట్టకూడదు, రెయిలింగ్ దాటి బయటికి వేలాడకూడదు. సొంతిల్లయితే కప్పు మీద కూడా పెట్టుకోవచ్చు, స్తంభం కప్పు పైన 12 అడుగులు దాటితే పర్మిట్ అడగొచ్చు. మేనేజర్‌తో గొడవపడే ముందు ఆ రూల్ ప్రింట్ తీసి మర్యాదగా చూపించండి, చాలామంది మేనేజర్లకి అలాంటి రూల్ ఉందనే తెలీదు.

శాటిలైట్ రిసీవర్ ఉన్నవాళ్లు ఇంకో సంగతి అడగండి. రెండు కంపెనీలకీ యాంటెనాని వాళ్ల రిసీవర్‌కే కలిపే చిన్న అడాప్టర్ ఉంది, అది పెడితే పోయిన ఛానెల్ కూడా అదే గైడ్‌లో కనిపిస్తుంది. గొడవ నడుస్తున్న రోజుల్లో అడిగితే యాంటెనా, అడాప్టర్ ఊరికే ఇచ్చిన సందర్భాలున్నాయి. అడగందే అమ్మైనా పెట్టదు.

ప్రశ్న: ఛానెల్ లేని రోజులకి బిల్లు తగ్గించాలి కదా? కాంట్రాక్ట్ తెంచేసుకుంటే పెనాల్టీ అంటున్నారు. ఇదెక్కడి ధర్మం? - ఆరంజ్ కౌంటీ, కాలిఫోర్నియా

జవాబు: ధర్మం సంగతి తర్వాత, మీరు సంతకం పెట్టిన కాగితంలో "ఛానెల్స్ ఎప్పుడైనా మారొచ్చు" అని ఒక లైన్ ఉంటుంది, అందరి కాగితాల్లోనూ ఉంటుంది. దాన్ని పట్టుకునే వాళ్లు ఛానెల్ పోవడం కాంట్రాక్ట్ తప్పడం కాదంటారు. బ్లాకవుట్ అయితే, అంటే ఇలా బేరం చెడి ఛానెల్ పోతే, డబ్బు వాపస్ ఇవ్వాలని 2024 జనవరిలో ఎఫ్‌సీసీ ఒక ప్రతిపాదన పెట్టింది, ప్రతిపాదనే, దాన్ని చూపించి రూల్ ఉందని ఫోన్లో గొంతు పెంచకండి.

కానీ క్రెడిట్ ఇస్తారు. అడిగినవాళ్లకి ఇస్తారు. 2025 అక్టోబర్ చివర్లో, ఇంటర్నెట్‌లో లైవ్ ఛానెల్స్ ఇచ్చే యూట్యూబ్ టీవీకీ డిస్నీకీ చెడినప్పుడు 20 డాలర్ల క్రెడిట్ ప్రకటించారు, ఈమెయిల్ చూసి తీసుకున్నవాళ్లున్నారు, ఆ ఈమెయిల్‌ని ప్రకటన అనుకుని చెత్తబుట్టలో వేసినవాళ్లూ ఉన్నారు, మా తోడికోడలు రెండో రకం. శాటిలైట్‌కైతే ఫోన్ చేయాలి. మొదట ఎత్తిన మనిషి సారీ తప్ప ఏమీ ఇవ్వలేరు, పాపం వాళ్ల చేతిలో ఏమీ ఉండదు. "సర్వీస్ క్యాన్సిల్ చేయాలనుకుంటున్నా" అనండి, ఇంకో డిపార్ట్‌మెంట్‌కి కలుపుతారు, డిస్కౌంట్ తాళాలన్నీ వాళ్ల దగ్గరే ఉంటాయి. అక్కడ ఛానెల్ పేరు, ఏ తేదీ నుంచి లేదో చెప్పి ఎంత క్రెడిట్ ఇస్తారని నేరుగా అడగండి. ఎన్ని నెలలకి ఇస్తున్నారో రాసుకోండి. కొత్త ఆఫర్ అంటూ రెండేళ్ల కాంట్రాక్ట్ కట్టే ప్రమాదం ఉంది, "కొత్త కమిట్‌మెంట్ ఏమీ లేదు కదా" అని మీ నోటితో ఒకసారి అడిగి "లేదు" అని వాళ్ల నోటితో చెప్పించండి.

యాంటెనా బాగా పనిచేస్తే ఇంకో దారి కూడా ఉంది, లోకల్ ఛానెల్స్ మొత్తం ప్యాకేజీలోంచి తీసేయమనడం. రెండు శాటిలైట్ కంపెనీల్లోనూ కొన్ని ప్లాన్లలో అలా తీయించుకుని నెలనెలా తగ్గించుకున్నవాళ్లున్నారు, మీ ప్లాన్‌లో ఉందో లేదో అడగండి.

ప్రశ్న: గవర్నమెంట్ ఏం చేస్తోంది? ఎఫ్‌సీసీ ఒక్క ఆర్డర్ వేస్తే పోదా?

జవాబు: పోదు. కూర్చుని మంచి మనసుతో బేరమాడండి అని చెప్పే అధికారమే వాళ్లకుంది, తెగేదాకా ఛానెల్ చూపించమని ఆర్డర్ వేసే అధికారం చట్టం ఇవ్వలేదని వాళ్లే చెప్పారు. అసలు బేరానికే రాకపోతే మాత్రం శిక్ష ఉంది. అప్పట్లో డైరెక్‌టీవీని నడిపిన ఏటీ అండ్ టీ ఫిర్యాదు మీద, మాటలకే రాని 18 స్టేషన్ల ఓనర్లకి 2020లో ఒక్కో స్టేషన్‌కి 5 లక్షల డాలర్ల పైచిలుకు జరిమానా ప్రతిపాదించింది. రేటు ఎక్కువ అడిగితే తప్పు లేదు, అసలు కుర్చీలో కూర్చోకపోతేనే తప్పు. మీరు కంప్లయింట్ పెట్టొచ్చు, లెక్కలోకి వెళ్తుంది, ఆ రాత్రికి బొమ్మ మాత్రం రాదు.

ప్రశ్న: మా అత్తగారు ఇండియా నుంచి వచ్చారు, మా డిష్‌లో తెలుగు ప్యాక్ ఉంది. ఈ గొడవలో ఆవిడ సీరియల్స్ కూడా పోతాయా? త్వరగా చెప్పండి ప్లీజ్.

జవాబు: పోవమ్మా. తెలుగు ఛానెల్స్ అగ్రిమెంట్ వేరు, ఓనర్లు వేరు. పీబీఎస్ అనే పబ్లిక్ టీవీ కూడా పోదు, లాభాపేక్ష లేని స్టేషన్లకి ఈ రేటు బేరమే లేదు. ఆవిణ్ని ప్రశాంతంగా చూసుకోనివ్వండి.

ప్రశ్న: అన్ని లోకల్ ఛానెల్స్ లైవ్‌లో ఊరికే వచ్చే బాక్స్ అని మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన అమ్ముతున్నాడు. తీసుకోవచ్చా? లేకపోతే డిష్ పీకేసి స్ట్రీమింగ్‌కి పోతే ఈ పీడ వదుల్తుందా? - ఆల్ఫరెటా, జార్జియా

జవాబు: బాక్స్ వద్దు. ఇంకెవడో యాంటెనాతో పట్టి ఇంటర్నెట్‌లో ఇస్తే తప్పేంటని మంచి లాయర్లని పెట్టుకుని మరీ వాదించినవాళ్లే ఓడిపోయారు. ఏరియో అనే కంపెనీ ఒక్కో కస్టమర్‌కి వేలి గోరంత యాంటెనా ఒకటి అద్దెకిచ్చింది, 2014లో సుప్రీంకోర్టు 6-3తో కాదంది. లోకాస్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ విరాళాలతో నడిపింది, 2021లో కోర్టులో ఓడి మూతపడింది. మీ వాట్సాప్‌లో అమ్మేది ఎవరో నాకు తెలీదు గానీ రేపు బాక్స్ ఆగిపోతే ఆయన ఫోన్ ఎత్తడు, మీ కార్డ్ నంబర్ మాత్రం ఎక్కడో ఉంటుంది.

స్ట్రీమింగ్‌కి పోతే పీడ వదలదు, రూపం మారుతుంది. పైన చెప్పిన యూట్యూబ్ టీవీ, డిస్నీ గొడవలో ఏబీసీ రెండు వారాలు పోయింది కదా, అక్కడ డిష్ ఎక్కడుంది? ఒక్క లాభం, నెలకి నెల చందా కాబట్టి పెనాల్టీ లేకుండా దిగిపోవచ్చు. ఒక్క మ్యాచ్ కోసమైతే నెట్‌వర్క్‌ల సొంత యాప్‌లు చూడండి, పారమౌంట్ ప్లస్ పై ప్లాన్‌లో మీ ఊరి సీబీఎస్, పీకాక్ పై ప్లాన్‌లో మీ ఊరి ఎన్‌బీసీ లైవ్‌లో వస్తాయి, నెల కట్టి చూసేసి ఆపేయొచ్చు. ఆపేయడం క్యాలెండర్‌లో రాసుకోండి, లేకపోతే వాళ్లే గెలుస్తారు. వార్తలు, తుఫాను హెచ్చరికలు కావాలంటే చాలా స్టేషన్లు తమ వార్తల్ని సొంత యాప్‌లో ఊరికే ఇస్తాయి. అట్లాంటా చుట్టుపక్కల టోర్నడో సీజన్‌లో అది ఫోన్లో పెట్టుకోవడం మంచిది, బ్లాకవుట్ ఉన్నా లేకపోయినా.

ప్రశ్న: ఇంతకీ మా ఛానెల్ ఎప్పుడొస్తుంది? మళ్లీ ఫ్రిస్కో నుంచి.

జవాబు: తేదీ నేను చెప్పలేను తమ్ముడూ, కానీ పాతవి చూడండి. 2024లో డైరెక్‌టీవీ, డిస్నీ గొడవ సెప్టెంబర్ 14న, శనివారం, కాలేజ్ ఫుట్‌బాల్ పూట తెగింది. నాలుగు నెలల టెగ్నా గొడవ 2022 ఫిబ్రవరి మొదట్లో తెగింది, ఒలింపిక్స్ మొదలయ్యే వేళకి, ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్‌కి వారం ముందు. మీ స్టేషన్‌లో పెద్ద మ్యాచ్ ఎప్పుడుందో చూసుకుని దానికి రెండ్రోజుల ముందు నుంచి ఎదురుచూడండి, అది దాటిపోతే ఆ తర్వాతి పెద్ద మ్యాచ్.

వచ్చిన రోజు కూడా ఇద్దరూ మేమే గెలిచామని ప్రకటన ఇస్తారు, రేటు ఎంతన్నది మాత్రం బయటపెట్టరు. ఆ రాత్రి రిసీవర్‌ని ఒకసారి ఆపి మళ్లీ పెట్టండి, రికార్డింగ్ టైమర్లు చూసుకోండి, ఛానెల్ లేని రోజుల్లో కొన్ని రిసీవర్లు వాటిని చెరిపేస్తాయి. యాంటెనా మాత్రం తియ్యొద్దు, అలాగే ఉంచండి.